దయచేయండి అనని గుమ్మం

తెర మీద గడులన్నీ పచ్చగా ఉన్నాయి. ఒక్క ఎర్రగడి కనబడినా ఉదయభాస్కర్ దానికి దండం పెట్టుకునేవాడు. తప్పెక్కడుందో చూపించే ఎరుపు మనిషికెంత ఉపకారం చేస్తుందో ఆ మధ్యాహ్నం అతనికి తెలిసొచ్చింది. అంతా బాగుందని యంత్రం చెబుతోంది. ఏదీ బాగాలేదని పక్క టేబుల్ మీద ఫోను మొత్తుకుంటోంది.

"సార్, ద్రాక్షారామం నుంచండి. ఈయనది కూడా డబ్బా పలకట్లేదట," అంది హేమశ్రీ, ఫోనును అరచేత్తో మూసి.

"పాతదా, కొత్తదా?"

"పాతదేనండి."

"చూస్తున్నామని చెప్పు."

"పొద్దున్నుంచీ అందరికీ అదే చెబుతున్నాను సార్. నాకే సిగ్గేస్తోంది." అలా అంటూనే గొంతు తియ్యగా మార్చుకుని, ఫోనులో, "చూస్తున్నారండి. సార్ గారు దాని మీదే ఉన్నారండి," అంది.

సార్ గారు దాని మీదే ఉన్నమాట నిజమే. కుర్చీలోంచి లేచి మొహం కడుక్కుని ఎంతసేపయిందో కూడా గుర్తులేదు. కళ్ళలో ఇసుక పోసినట్టుంది. రామచంద్రపురం మెయిన్ రోడ్డులో ఎరువుల దుకాణం పైన రెండు గదులు వాళ్ళ ఆఫీసు. కిందనుంచి పురుగుమందు వాసన మెట్లెక్కి వస్తుంది. మామూలు రోజుల్లో అలవాటైపోయిన ఆ వాసన, నిద్రలేని రోజున నేరుగా తలలోకి ఎక్కుతుంది.

వాళ్ళు అమ్మేది ఒక తెల్ల ప్లాస్టిక్ డబ్బా. చేపల చెరువులో తేలుతూ ఉంటుంది. నీళ్ళలో ప్రాణవాయువు, చెరువులవాళ్ళ మాటలో డీఓ, ఎంతుందో కొలిచి, ఆ అంకెను లోపలున్న సిమ్ముతో సర్వరుకు పంపుతుంది. అంకె పడిపోతే సర్వరు రైతుకు ఫోను చేస్తుంది. రైతు పరుగున వెళ్ళి ఏరేటర్లు వేసుకుంటాడు. అవి నీళ్ళను చిమ్మి గాలి కలిపే మోటార్లు. చేప బతుకు ఆ గాలి మీద, రైతు బతుకు ఆ చేప మీద ఆధారపడి ఉంటాయి. డబ్బా వచ్చాక చెరువుగట్టు మీద రాత్రుళ్ళు కాపలా పడుకోవడం చాలామంది మానేశారు. ఇంట్లో, భార్యాపిల్లల మధ్య, ఫోను తలగడ పక్కన పెట్టుకుని నిద్రపోతున్నారు. ఇప్పుడు ఆ ఫోను మోగదు. మోగదన్న సంగతి కూడా సగం మందికి తెలియదు.

ఇదంతా సర్వరు మార్చడంతో వచ్చింది. కంపెనీ యజమాని బంగార్రాజుగారు మండపేటలో రైసుమిల్లు నడిపి, అది అన్నదమ్ములకు వదిలేసి ఇందులోకి దిగిన మనిషి. ఈమధ్య కొత్తరకం డబ్బాలు తెప్పించారు. అవి అంకె చెప్పడమే కాదు, ఏరేటర్లు కూడా వాటంతటవే వేసేస్తాయి. ఇన్నాళ్ళూ ప్రోగ్రాములన్నీ ఒకే సర్వరులో ఉమ్మడి కాపురం చేశాయి. ఒకదానికి దగ్గొస్తే అందరికీ జ్వరం. కొత్తవి కూడా వచ్చి చేరితే ఇక అంతే సంగతులని, ఉదయభాస్కర్ దేనికది కంటెయినర్లో పెట్టాడు. అంటే ఎవరి గది వాళ్ళది, ఎవరి పొయ్యి వాళ్ళది. అన్ని గదులకూ కలిపి వీధిగుమ్మం మాత్రం ఒకటే. ఆ గుమ్మంలో కూర్చుని వచ్చినవాళ్ళను సరైన గదికి పంపే గుమస్తా పేరు రివర్స్ ప్రాక్సీ.

వెబ్‌సైటు చూడడానికి వచ్చేవాళ్ళతో గుమస్తాకు ఏ ఇబ్బందీ లేదు. ఫలానావారి ఇంటికొచ్చామని పేరు చెప్పుకుంటూనే వస్తారు. డబ్బాలది వేరే దారి. అవి ఉత్త టీసీపీలో, అంటే వెబ్ హంగులేవీ లేని కాలిబాటలో, వస్తాయి. అక్కడ పేరు చెప్పడమనే ఆచారం లేదు. కొత్తడబ్బాలు కాస్త చదువుకున్నవి కాబట్టి మాటలన్నీ రహస్యలిపిలో మాట్లాడతాయి, మాట్లాడేముందు ఎవరు కావాలో పేరు చెబుతాయి. పాతవాటికి అదీ లేదు. అందుకని ఉదయభాస్కర్ గుమస్తాకు రెండు నియమాలు రాసిపెట్టాడు. పేరు చెప్పినవాళ్ళు కొత్తగదికి. పేరు చెప్పనివాళ్ళు, ఎవరైనా సరే, పాతగదికి. రెండు రకాలకూ తలుపు ఒకటే, పోర్టు నంబరు ఒకటే. రాసి చూసుకుని, బాగానే కుదిరిందని ముచ్చటపడి, కాసేపు టేబుల్ మీద తల ఆన్చి కునుకు తీశాడు కూడా.

కొత్తడబ్బాలు హాయిగా పలుకుతున్నాయి. పాతవి ఒక్కటీ పలకడం లేదు.

ఫోను మోగింది. ఈసారి అతనిదే. బంగార్రాజుగారు.

"ఏంటయ్యా ఇది? అంతా పచ్చగా ఉందని ఫొటో తీసి పంపావు. ఇక్కడ జనం నన్ను పచ్చిబూతులు తిడుతున్నారు."

"చూస్తున్నానండి."

"మబ్బు చూశావా? నాలుగు రోజులుగా ఎండ మొహం లేదు, ఆకు కదలట్లేదు. ఇలాంటప్పుడే కదయ్యా డీఓ పడిపోయేది! ఇలాంటప్పుడు పనికిరాని డబ్బా ఎందుకు, ఊరగాయ పెట్టుకోడానికా?"

"పొద్దుగూకేలోపు సరిచేస్తానండి."

"చెయ్యి. చీకటి పడితే ఇంకా పడిపోతుంది. నేను మండపేట వైపు రైతులకి నోటితో చెప్పుకుంటూ తిరుగుతున్నాను, ఏరేటర్లు వేసుకోండి బాబూ అని. ఈ వయసులో నాకు ఈ దండోరా ఏంటో!"

ఆయన మాటలో అబద్ధం లేదు. ఎండ ఉంటే నీటిలోని పచ్చదనం పగలంతా గాలి తయారుచేసుకుంటుంది. మబ్బు కమ్మితే అది ఆగిపోతుంది. సాయంత్రమయ్యేసరికి బొచ్చె చేపలూ శీలావతులూ పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. అప్పటికీ గాలి అందకపోతే తెల్లారేసరికి చెరువంతా తెల్లపొట్టలే.

హేమశ్రీ ఫిర్యాదు చేసినవాళ్ళ పేర్లు తెర మీద గుర్తుపెడుతూ వస్తోంది. ఉదయభాస్కర్ ఆ వరసలో కళ్ళు పరిగెత్తించి, తనకు తెలియకుండానే ఒక పేరు దగ్గర ఆగాడు. గణేష్‌బాబు. కోటిపల్లి దారిలో చెరువు. ఆ పేరుకు ఎదురుగా గుర్తు లేదు. అంటే ఫోను చెయ్యలేదు. బహుశా అది పనిచేస్తోందేమోనని ఒక్కక్షణం ఆశపడి, దాని చివరి అంకె ఎప్పుడొచ్చిందో చూశాడు. మిగతావన్నీ ఎప్పుడు మూగబోయాయో అదీ అప్పుడే మూగబోయింది.

గణేష్‌బాబు అతని సొంత అన్న.

ఆ డబ్బా ఉదయభాస్కర్ స్వయంగా తెప్ప మీద వెళ్ళి పెట్టి వచ్చినదే. మొట్టమొదటి డబ్బాల్లో ఒకటి. ఆ రోజు వదిన రత్నమాణిక్యం గట్టు మీదికి పులస కాదుగానీ పులసంత రుచిగా బొచ్చెపులుసు తెచ్చిపెట్టింది. ఆ తర్వాత అన్న కొత్త ఇల్లు కట్టాడు. గృహప్రవేశానికి శుభలేఖ వాట్సాప్‌లో వచ్చింది, అదీ కుటుంబం గ్రూపులోకి, పెదనాన్న మనవలతో పాటు. ఇంటికొచ్చి బొట్టుపెట్టి పిలవలేదు. ఫోనైనా చెయ్యలేదు.

"సొంత తోటికోడలికి బొట్టుపెట్టి పిలవాలని మీ వదినకి ఎవరూ చెప్పలేదా? పిలవని పేరంటానికి పోయేంత గతిలేక ఉన్నామా మనం?" అంది ఉదయభాస్కర్ భార్య శ్రీదుర్గ. వెళ్ళలేదు. భార్య ఒప్పుకోలేదని అతను అందరితో చెప్పుకున్నాడుగానీ అది సగం నిజం. మిగతా సగం అతని పౌరుషమే. అన్నయ్య ఒక్క ఫోను చేస్తే పరిగెత్తేవాడు. ఆ ఫోను రాలేదు. తర్వాత, ఎందుకు రాలేదని అటునుంచీ ఫోను రాలేదు. వాళ్ళే చేస్తారులే అని వీళ్ళు, వీళ్ళే చేస్తారులే అని వాళ్ళు. అలా ఏడాది తిరిగిపోయింది. ద్రాక్షారామం గుడిలో ఒకసారి ఎదురుపడ్డారు కూడా. ఇద్దరూ ఒకరినొకరు చూసి, ఇద్దరూ ధ్వజస్తంభం వైపు తిరిగి దండం పెట్టుకున్నారు.

మొత్తం చెరువులన్నిటికీ ఒకటే ప్రమాదం. అయినా ఉదయభాస్కర్ చూపు ఆ ఒక్క పేరు మీంచి కదల్లేదు. అన్న ఆ చెరువునే నమ్ముకుని ఇల్లు కట్టాడు.

మళ్ళీ మొదటినుంచి చూశాడు. గుమస్తా నియమాలు సరిగానే ఉన్నాయి. పాతగదిలో ప్రోగ్రాము మెలకువగానే ఉంది. డబ్బాలు వచ్చి తలుపు తడుతున్న జాడ ఉంది. లోపలికి మాత్రం ఒక్కటీ రాలేదు. గుమ్మం దాకా వచ్చి కాసేపు నిలబడి వెనక్కిపోతున్నాయి. ఎందుకు నిలబడుతున్నాయి, ఎందుకు పోతున్నాయి? తను మొన్న సర్వరు మార్చి పరీక్ష చేసినప్పుడు ఇదే దారిలో తన చిన్న ప్రోగ్రాము లోపలికి వెళ్ళి బ్రహ్మాండంగా మాట్లాడి వచ్చిందే! మూలిగే నక్క మీద తాటిపండులా, తలపోటు మొదలైంది.

"కాఫీ తెప్పించనా సార్?" అంది హేమశ్రీ.

"వద్దు. ఇప్పటికే నరాల్లో రక్తం బదులు అదే తిరుగుతోంది."

ఇక చేసేదిలేక, తనే ఒక పాతడబ్బానని అనుకుని, తన లాప్‌టాప్ నుంచి నేరుగా ఆ పోర్టు తలుపు తట్టాడు. నల్లటి తెర వచ్చింది. మూల ఒక తెల్లగీత వెలుగుతూ ఆరుతూ ఉంది. ఏమీ రాలేదు. అతను చూశాడు. తెర కూడా అతన్ని చూస్తున్నట్టే ఉంది. చూసి చూసి కళ్ళు మూతలుపడ్డాయి. తల ముందుకు వాలింది. ఉలిక్కిపడి చెయ్యి ఆనించేసరికి వేలు ఎంటర్ మీటను నొక్కేసింది.

వెంటనే తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో ఒక మాట పడింది.

దయచేయండి.

ఉదయభాస్కర్ మత్తంతా దిగిపోయింది. తెరను మూసి మళ్ళీ తలుపు తట్టాడు. ఈసారి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఏమీ రాలేదు. ఒక్క మీట నొక్కాడు. దయచేయండి.

"ఓరి నీ మర్యాద మండా!" అన్నాడు పైకే.

"ఎవర్నండీ?" అంది హేమశ్రీ కంగారుగా.

"మన రాజుగార్ని."

కథ ఏంటంటే, కంపెనీ పెట్టిన కొత్తలో పాతడబ్బాల ప్రోగ్రాము రాసినాయనకు బంగార్రాజుగారు ఒక షరతు పెట్టారు. ఎక్కడో చైనా సర్కూటే అయినా అది గోదావరి నీళ్ళలో తేలే డబ్బా, దానికి మన పద్ధతి ఉండాలి అన్నారు. మనవైపు ఎవరైనా గుమ్మంలోకి వస్తే ఇంటివాళ్ళు ఎదురెళ్ళి దయచేయండి అంటారు. అననిదే మర్యాదస్తుడు లోపల అడుగుపెట్టడు. కాబట్టి డబ్బా వచ్చినప్పుడు సర్వరే ముందుగా దయచేయండి అనాలి, అది విన్నాకే డబ్బా నోరు విప్పాలి. ఆయన సరదా ఆయనది. ఉద్యోగి చెప్పింది చేసి, కొన్నాళ్ళకు ఇంకో ఊరు వెళ్ళిపోయాడు. ఏళ్ళ తరబడి ఏ బాధా లేదు, ఎందుకంటే గుమ్మంలో ఇంటివాడే ఉండేవాడు.

ఇప్పుడు గుమ్మంలో గుమస్తా కూర్చున్నాడు. పేరు చెప్పేవాళ్ళకూ చెప్పనివాళ్ళకూ తలుపు ఒకటే కాబట్టి, వచ్చినవాడు ఏ రకమో తెలియాలంటే వాడు మొదట ఏదో ఒకటి పలకాలి. అందుకని గుమస్తా వాడి నోటివైపు చూస్తూ కూర్చుంటాడు. డబ్బాకేమో పిలుపు లేనిదే పలకడం మర్యాద కాదు. పిలవాల్సిన ఇంటివాడు లోపల గదిలో ఉన్నాడు, బయట ఎవరో వచ్చారని ఆయనకు కబురే లేదు. ముగ్గురిలో ఎవరి తప్పూ లేదు. ముగ్గురూ ఎవరి పద్ధతిలో వాళ్ళున్నారు. అలా ఎదురుచూసి చూసి డబ్బా వెనక్కి తిరిగిపోతోంది. తను పరీక్షకు రాసుకున్న ప్రోగ్రాము మర్యాద తెలియనిది కాబట్టి వస్తూనే వాగేసింది, తలుపు తెరుచుకుంది, అంతా పచ్చగా కనబడింది.

మందు సులువే. రెండు రకాలవాళ్ళను ఒకే తలుపు దగ్గర నిలబెట్టకూడదు. ఉదయభాస్కర్ కొత్తడబ్బాలకు వేరే పోర్టు తెరిచాడు. వాటికి ఇక్కణ్ణుంచే కబురు పంపొచ్చు కాబట్టి, ఇకమీదట ఆ తలుపుకు రమ్మని ముందుగా చెప్పేశాడు. అవన్నీ అటు మళ్ళాక, పాతతలుపు దగ్గర పేర్ల నియమం తీసేశాడు. ఇక అక్కడ పోల్చుకోవాల్సింది ఏమీ లేదు. వచ్చినవాణ్ణి వచ్చినట్టే గుమస్తా లోపలికి తోలేస్తాడు, లోపలివాడు దయచేయండి అంటాడు. మళ్ళీ లాప్‌టాప్ నుంచి తలుపు తట్టాడు. చేతులు కట్టుకునే ఉన్నాడు. మాట వెంటనే వచ్చింది.

ఒళ్ళంతా తేలికై ఏడుపొచ్చినంత పనయింది. కానీ డబ్బాలు ఇంకా రాలేదు. అప్పుడు గుర్తొచ్చింది రెండో సంగతి.

పాతడబ్బా కొన్నిసార్లు వచ్చి చూస్తుంది. ఎన్నిసార్లు వచ్చినా పిలుపు లేకపోతే, బ్యాటరీ దండగని అలిగి పడుకుంటుంది. మళ్ళీ దానంతటది లేవదు. ఎవరైనా వెళ్ళి మూత తీసి, ఆపి, మళ్ళీ వెయ్యాల్సిందే. దానికీ గోదావరి పౌరుషమే. ఏదైనా డబ్బా పలకడం మానేస్తే ఆఫీసులో మోగాల్సిన గంట ఒకటుంది, దాన్ని వీళ్ళు మౌనం గంట అంటారు. సర్వరు మారుస్తుంటే ఊరికే మోగి చంపుతోందని ఉదయభాస్కరే దాన్ని ఆపేశాడు. ఆపకపోయి ఉంటే మొదటిరోజే దొరికేది. ఈమాట ఎవరికీ చెప్పలేదుగానీ లోపల్లోపల తనను తాను బాగానే తిట్టుకున్నాడు.

"హేమశ్రీ, పాతవాళ్ళందరికీ ఫోన్లు చెయ్యాలి. మూత తీసి ఆపి వెయ్యమని చెప్పు. సగం నువ్వు, సగం నేను."

ఇద్దరూ మొదలుపెట్టారు. ఒకాయన ఆయ్ అలాగేనండి అని అప్పటికప్పుడే తెప్ప ఎక్కాడు. ఒకాయన ఊళ్ళో లేడు, బావమరిదిని పంపాడు. ఒకామె, "మా వారు పడుకున్నారండి, లేపితే కోప్పడతారు," అని, హేమశ్రీ బతిమాలితే తనే చీర ఎగ్గట్టి చెరువులో దిగింది. ఒకాయన ఉదయభాస్కర్‌ను వంశంతో సహా దీవించి ఆ తర్వాతే మూత తీశాడు. ఒక్కొక్క డబ్బా లేస్తుంటే తెర మీద అంకెలు పడుతున్నాయి. కొన్ని బాగానే ఉన్నాయి. కొన్ని చూస్తే గుండె జారేలా ఉన్నాయి. వాటివాళ్ళకు సర్వరే ఫోను చేసి ఏరేటర్లు వెయ్యమంది. కిటికీలోంచి వచ్చే వెలుగు పలచబడుతోంది.

ఇద్దరి ఫోన్లూ అయిపోయేసరికి ఒక్క పేరు మిగిలింది. అది హేమశ్రీ సగంలో పడేలా ఉదయభాస్కరే పంచాడు.

"సార్, ఈ గణేష్‌బాబుగారు ఎత్తారండి. ఆఫీసు నుంచని చెప్పేలోపే, 'అమ్మా, మా ఇంటివాడొకడు అక్కడే ఉన్నాడుగా, వాడికి నోరు లేదా?' అని పెట్టేశారండి. మళ్ళీ చేస్తే ఎత్తట్లేదు."

ఉదయభాస్కర్ తెర మీద ఆ పేరు వైపు చూశాడు.

"ఆయన మీకేమవుతారండి?"

"అన్నయ్య."

హేమశ్రీ తలవంచుకుని టేబుల్ మీద కాయితాలు సర్దినట్టు నటించింది. "మరి మీరే చెయ్యొచ్చుగా సార్?" అంది.

"ఊళ్ళో ఇంకెవరైనా ఉంటే చెప్పిద్దాంలే. వాళ్ళ పక్కచెరువు ఆయన నంబరుంది."

"పక్కాయన డబ్బా కూడా ఇందాకే లేచిందండి. దాని అంకె చూశారా?"

చూశాడు. బాగాలేదు. పక్కపక్క చెరువులు, ఒకటే మబ్బు, ఒకటే నీళ్ళు. అన్నయ్య చెరువు అంతకంటే బాగుండే దారి లేదు. ఉదయభాస్కర్ ఫోను తీసి, అన్నయ్య పేరు దాకా వెళ్ళి ఆగాడు. ఏం చెప్పాలి? ముందుగా ఏమనాలి? ఏడాదిపాటు దాచుకున్న కోపం ఒక్కమాటలో ఎలా పారబోయాలి? తనే ముందు చేస్తే తప్పు తనదే అయిపోతుందని ఎప్పటినుంచో ఒక లెక్క ఉంది అతని దగ్గర. ఆ లెక్కను పట్టుకుని వేలాడే ఓపిక ఇప్పుడు లేదు. నిజం చెప్పాలంటే అలసటే అతనిచేత ఆ పని చేయించింది. పౌరుషానికి కూడా కాస్త ఒంట్లో సత్తువ ఉండాలి. మీట నొక్కేశాడు.

చాలాసేపు మోగింది. ఎత్తారు. అవతల మాట లేదు.

ఇవతలా లేదు. అతను అలవాటుగా అవతలి గొంతు కోసం చూశాడు. ఫోనులోంచి ఏరేటరు నీళ్ళు చిమ్ముతున్న చప్పుడు వినబడింది. ఎవరో దగ్గారు. అది అన్నయ్య దగ్గే, చిన్నప్పుడు ఒకే మంచం మీద పడుకుని విన్న దగ్గు. మళ్ళీ నీళ్ళ చప్పుడు. ఇంకాస్త ఊరుకుంటే పెట్టేస్తాడు. ఇందాక తెర ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న సంగతి గుర్తొచ్చింది.

"అన్నయ్యా," అన్నాడు.

"ఊఁ."

"నేను."

"తెలుస్తుంది. పేరు పడుతుందిగా."

"నీ డబ్బా..."

"చచ్చింది."

"చావలేదన్నయ్యా. తప్పు ఇక్కడ మాది. నాది. సర్వరు మార్చాను, అది కుదరలేదు. ఇప్పుడు సరిచేశాను. మూత తీసి ఒకసారి ఆపి వెయ్యి, పలుకుతుంది. నీళ్ళెలా ఉన్నాయి?"

"ఏరేటర్లు తిరుగుతూనే ఉన్నాయి. కరెంటు పోతే ఇంజను. అది మూగబోయిన దగ్గర్నుంచీ గట్టు మీదే ఉన్నాను. సీసాలో నీళ్ళు పట్టి మందుచుక్కలేసి రంగు చూసుకుంటున్నాను, పాతరోజుల్లోలాగ."

"రాత్రుళ్ళు కూడానా?"

"చేపకి రాత్రి సెలవిస్తారేంట్రా?"

"అన్నయ్యా, ఒక్క ఫోను చెయ్యొచ్చు కదా!"

"నువ్వు చెయ్యొచ్చు కదా!"

అవతల అన్న కూర్చున్నట్టున్నాడు. మడతకుర్చీ కిర్రుమంది.

"నిన్న తెల్లారుగట్ల కునుకు పట్టిందిరా," అన్నాడు గణేష్‌బాబు. గొంతు తగ్గింది. "కాసేపే. ఆ కాసేపట్లోనే కరెంటు పోయింది. లేచి ఇంజను వేసేసరికి గట్టువార ఓ రెండు బుట్టలు తేలాయి. పెద్ద బొచ్చెలు. మీ వదిన ఏరుతూ ఒకటే ఏడుపు."

ఉదయభాస్కర్‌కు కళ్ళు చెమర్చాయి. సిగ్గు, జాలి, తన మీద తనకు అసహ్యం అన్నీ ఒక్కసారే వచ్చాయి. హేమశ్రీకి కనబడకుండా కిటికీ వైపు తిరిగాడు.

"తప్పు నాదే అన్నయ్యా," అన్నాడు మళ్ళీ.

"దేనికి? డబ్బాకా, గృహప్రవేశానికా?"

ఉదయభాస్కర్ నెమ్మదిగా, "నువ్వు పిలవలేదు," అన్నాడు. అంత వయసొచ్చి, ఇద్దరు పిల్లల తండ్రై, ఆ మాట చిన్నపిల్లాడి గొంతుతో అన్నాడు.

"ఇంటివాడికి పిలుపేంట్రా?"

అవతల మడతకుర్చీ మళ్ళీ కిర్రుమంది.

"బొట్టుపెట్టి పిలిచేది పైవాళ్ళని. మీ వదిన బయల్దేరింది మీ ఇంటికి, కుంకంభరిణ పట్టుకుని. నేనే ఆపాను. సొంత తమ్ముణ్ణి చుట్టంలా పిలిస్తే వాడు బాధపడతాడే, నాలుగురోజుల ముందే వచ్చి పందిరి దగ్గర నిలబడతాడు చూడు, అన్నాను. రాలేదు నువ్వు. అక్కడ పాలు పొంగుతుంటే నేను పొయ్యి వైపు చూడలేదురా. వీధి వైపే చూస్తూ ఉన్నాను. అందరి ముందూ మీ వదిన నన్ను ఒక్కమాట అనలేదు. అంటే బాగుండేది."

ఏడాది పొడుగునా ఉదయభాస్కర్ తను గుమ్మం బయట నిలబడ్డాననుకున్నాడు. అవతలవాడు గుమ్మం లోపల నిలబడి ఉన్నాడని ఒక్కసారీ అనుకోలేదు. నాకు తెలియదన్నయ్యా అనబోయి మానేశాడు. తెలుసుకోవడానికి ఒక్క ఫోను చాలు కదా.

"సరే ఉండు, ఆ మూత తీస్తాను," అన్నాడు గణేష్‌బాబు. తెప్ప నీళ్ళలోకి జారిన చప్పుడు, గెడ వేసిన చప్పుడు, మళ్ళీ దగ్గు. "ఆపాను. వేస్తున్నా. ఆకుపచ్చ లైటు కొట్టుకుంటోంది."

ఉదయభాస్కర్ తెర వైపు చూశాడు. పాతతలుపు దగ్గరికి ఒక డబ్బా వచ్చింది. గుమస్తా అడ్డుపెట్టలేదు. లోపలినుంచి దయచేయండి అన్న మాట వెళ్ళింది. డబ్బా తన నంబరు చెప్పి, అంకె చెప్పింది.

"మూడున్నర ఉందన్నయ్యా. ఏరేటర్లు ఆపకు. రాత్రికి నిలబడుతుంది."

"సీసాలో కూడా అంతే వచ్చింది. మంచిదే." మూత బిగించిన చప్పుడు. "ఇంక ఇది చూసుకుంటుందా?"

"చూసుకుంటుంది. నేనూ చూస్తుంటాను. నువ్వు ఇంటికెళ్ళి పడుకో."

"నువ్వు పడుకుని ఎన్నాళ్ళయింది? గొంతు మూకుడు గీకినట్టుంది."

"పడుకుంటాలే." ఉదయభాస్కర్ ఒకచేత్తో మొహం తుడుచుకున్నాడు. "అన్నయ్యా, రేపు పొద్దున్నే వస్తాం. నేను, దుర్గ, పిల్లలు."

"రండి. దానికి నాకు ఫోను చేసి చెప్పాలేంట్రా?" అన్నాడు గణేష్‌బాబు. నవ్వాడో దగ్గాడో తెలియలేదు. ఫోను పెట్టేశాడు.

హేమశ్రీ అప్పటికే బ్యాగు సర్దుకుని గుమ్మంలో నిలబడింది. "అన్నీ లేచాయాండి?" అంది.

"లేచాయి. నువ్వెళ్ళు."

ఆమె మెట్లు దిగాక, ఉదయభాస్కర్ ఆపి ఉంచిన మౌనం గంటను మళ్ళీ వేశాడు.